ఆరు పెన్నీల ప్రేక్షకుడు

1948–49 ఆటకాలమున ఇంగ్లండు దేశపు ఫుట్‌బాల్ లీగు పోటీలకు రుసుము చెల్లించి వచ్చిన ప్రేక్షకుల మొత్తము 4 కోట్ల 12 లక్షలను దాటినది. 1985–86 నాటికి ఆ సంఖ్య 1 కోటి 65 లక్షలకు పడిపోయినది. ఈ నడుమ ఆట మౌలిక నియమములేమియు మారలేదు. లీగులోని జట్లు 88 నుండి 92కు పెరిగినవే కాని తరుగలేదు. దేశపు జనాభా పెరిగినది, కార్మికుని వేతనము పెరిగినది, తీరిక గంటలును పెరిగినవి. అయినను మైదానమునకు వచ్చువారు నూటికి నలుబదిమంది మాత్రమే మిగిలిరి.

ప్రేక్షకుడు ఆటకు ఎందుకు వచ్చును? పైకి చూచుటకు ఇది పసివాడు సయితము బదులు చెప్పదగిన ప్రశ్న. తన జట్టు గెలుచుచున్నచో వచ్చును, ఓడుచున్నచో మానును. వెల తక్కువైనచో వచ్చును, ఎక్కువైనచో మానును. ఎండ కాసినచో వచ్చును, వాన కురిసినచో మానును. ఈ సమాధానములన్నిటను కొంత నిజము లేకపోలేదు. కాని వృత్తి ఫుట్‌బాలు పుట్టిన దేశములో దాని చరిత్రను తిరుగవేసి చూచినప్పుడు, ఆ ఆటను నడిపినవారే తమ ప్రేక్షకుని గూర్చి పెక్కుమార్లు పొరబడినట్లు మాకు తోచుచున్నది. ఆ పొరపాట్లలో ఒకటి రేడియోకు సంబంధించినది. అందుచేత ఈ పత్రిక పాఠకులకు ఈ విషయము అంత దూరపుది కాదనియే భావింతుము.

మొదట శనివారమును గూర్చి చెప్పవలెను. 1850లో బ్రిటిషు పార్లమెంటు చేసిన ఫ్యాక్టరీ చట్టము బట్టల మిల్లులలో స్త్రీలను, పిన్నవయస్కులను శనివారము మధ్యాహ్నము 2 గంటల తరువాత పని చేయింపరాదని విధించినది. వారు లేనిదే మరమగ్గములు నడువవు. కనుక మగవారికిని ఆ తీరిక దక్కినది. అంతకు పూర్వము ఆ దేశపు చేతిపనివారు సోమవారమునాడు పనికి ఎగనామము పెట్టి, దానికి ‘పుణ్య సోమవారము’ అని ఒక ముద్దుపేరు పెట్టుకొనియుండిరి. యజమానులు ఆ సోమవారమును మాన్పించుటకు శనివారపు పూటను ఇచ్చిరని కూడ చెప్పవచ్చును. రెండు గంటలకు మిల్లు కూత పెట్టును. ముఖము కడుగుకొని, ఏదో యింత తిని, మూడు గంటలకు ఆటస్థలమును చేరవచ్చును. చీకటి పడులోపల ఇల్లు చేరవచ్చును. ఆ మూడు గంటల వేళ నేటికిని ఇంగ్లీషు ఫుట్‌బాలునకు ముహూర్తమువలె నిలిచియున్నది. లాంకషైరులోను, నడిమి మండలములలోను ఈ పూటసెలవు ముందుగా స్థిరపడినది. ఫుట్‌బాలును అచ్చటనే ముందుగా వేళ్ళూనినది. ఆటగాని కంటె ముందు గడియారము ప్రేక్షకుని సృష్టించినది.

1885లో ఆటగాండ్రకు జీతములిచ్చుటను ఫుట్‌బాల్ సంఘము అంగీకరించినది. దానితో క్లబ్బులకు కొత్త చిక్కు వచ్చిపడినది. జీతము వారము వారము ఇచ్చి తీరవలెను. ఆట వారము వారము ఉండునను నమ్మకము లేదు. అప్పటికి జరుగుచుండినవి కప్పు పోటీలు, స్నేహపూర్వకపు ఆటలు. కప్పు పోటీలో ఒకసారి ఓడినచో ఆ సంవత్సరమునకు ముగిసినట్లే. స్నేహపూర్వకపు ఆటల సంగతి చెప్పనే అక్కరలేదు. వచ్చెదమన్న జట్టు రాకపోవచ్చును. వచ్చిన జట్టు తన మంచి ఆటగాండ్రను ఇంటివద్ద విడిచి రావచ్చును. డబ్బిచ్చి లోనికి వచ్చినవానికి ప్రకటించిన ఆట లభించునను పూచీ లేదు.

బర్మింగ్‌హాములో బట్టల దుకాణము నడుపుకొనుచు ఆస్టన్ విల్లా క్లబ్బు పనులు చూచుచుండిన విలియం మెక్‌గ్రెగర్ అను స్కాట్లండు దేశీయుడు 1888 మార్చి 2వ తేదీన కొన్ని క్లబ్బులకు ఒక లేఖ వ్రాసెను. ముఖ్యమైన జట్లన్నియు ఒక కూటమిగా నేర్పడి, ప్రతి జట్టు ప్రతి జట్టుతోను తన ఊర ఒకసారి, వారి ఊర ఒకసారి తప్పక ఆడవలెననునది అందలి సారాంశము. ఏప్రిల్ 17న మాంచెస్టరులో లీగు ఏర్పడెను. పండ్రెండు జట్లు అందు చేరెను. లాంకషైరు నుండి ఆరు, నడిమి మండలముల నుండి ఆరు. సెప్టెంబరు 8న మొదటి ఆటలు జరిగెను. మెక్‌గ్రెగర్ కొత్త ఆటను కనుగొనలేదు, కొత్త నియమమును చేయలేదు. ఆయన కనుగొన్నది ఒక కార్యక్రమ పట్టిక. కార్యక్రమ పత్రిక లేని రేడియో కేంద్రము ఎట్లుండునో మా పాఠకులు ఊహించుకొందురుగాక. ఏ పాట ఎప్పుడు వచ్చునో తెలియనప్పుడు రేడియో ముందు కూర్చుండువారెందరు? ఫుట్‌బాలు ప్రేక్షకునికి అలవాటును నేర్పినది ఈ పట్టికయే. ఆ మొదటి సంవత్సరము ప్రెస్టన్ జట్టు ఆడిన 22 లీగు ఆటలలో ఒక్కదానను ఓడలేదు. ఫలితము ముందే తెలిసినచో జనము రారను సిద్ధాంతము నిజమైనచో లీగు ఆ యేడే మూతపడవలసినది. మూతపడకపోగా నాలుగేండ్లలో రెండవ శ్రేణిని కూడ ఏర్పరచుకొనవలసి వచ్చెను.

రుసుము సంగతి. 1890లో లీగు కనీస ప్రవేశ రుసుమును 6 పెన్నీలుగా నిర్ణయించినది. ఒక క్లబ్బు వెల తగ్గించి పొరుగు క్లబ్బు ప్రేక్షకులను లాగుకొనకుండుటకు అది కట్టుబాటు. నిపుణుడైన కార్మికునకు ఆరు పెన్నీలు భారము కాదు, కూలివానికి భారమే. కనుక తొలినాళ్ల గుంపులో మిల్లుపనివారు, కమ్మరులు, వడ్రంగులు, గుమాస్తాలు అధికముగా నుండిరి కాని కటిక బీదలు అంతగా లేరు. స్త్రీలకు చాలచోట్ల ఉచిత ప్రవేశముండెను. మగువలున్నచో మగవారి మాటతీరు అదుపులో నుండునని క్లబ్బుల ఆశ. 1885లో ప్రెస్టన్ మైదానమునకు ఒకనాడు సుమారు రెండువేలమంది స్త్రీలు రాగా, ఉచిత ప్రవేశము వెంటనే రద్దయినది! స్త్రీలకు ఈ ఆటయందు ఆసక్తి కలదని ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను? క్లబ్బునకు మాత్రము పోయిన పెన్నీలే కనబడినవి.

ఈ స్త్రీల ప్రసంగమును ఇచ్చటనే ముగించుట మేలు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ప్రెస్టన్‌లోని డిక్ కెర్ అను కర్మాగారమున మందుగుండు పనిలోనికి వచ్చిన యువతులు ఒక జట్టుగా నేర్పడి, గాయపడిన సైనికుల సహాయార్థము ఆడజొచ్చిరి. 1920 డిసెంబరు 26న లివర్‌పూలు నగరమందలి గుడిసన్ పార్కులో వారు సెయింట్ హెలెన్స్ స్త్రీలతో ఆడిన ఆటకు 53,000 మంది వచ్చిరి. చోటులేక వేలకొలది జనము వెలుపలనుండియే మరలిపోయిరి. ఏడాది తిరుగకముందే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాలు స్త్రీలకు తగిన ఆట కాదని ఫుట్‌బాల్ సంఘము తీర్మానించి, తన క్లబ్బుల మైదానములలో వారిని ఆడనీయరాదని ఆజ్ఞాపించెను. వసూళ్ల లెక్కలు సరిగా లేవను ఆరోపణ కూడ ఒకటి జోడించిరి. ఆ నిషేధము సుమారు అర్ధశతాబ్దము నిలిచినది. జనము రానందున ఆగిపోయిన ఆటలు చరిత్రలో ఎన్నియో కలవు. మిక్కిలిగా జనము వచ్చినందున ఆపివేయబడిన ఆట ఇదియొక్కటేయేమో అని అనుమానించుటకు తావున్నది. 2022 జూలై 31న వెంబ్లీ మైదానములో ఐరోపా స్త్రీల కప్పు తుదిపోటీ జరిగినప్పుడు 87,192 మంది చూచిరి. నూరేండ్ల క్రిందటి ప్రేక్షకుని మునిమనుమలకు ఆ యాసక్తి క్రొత్తగా పుట్టినదని మేము నమ్మజాలము.

ఇక రేడియో. 1927 జనవరి 22న లండనులోని హైబరీ మైదానమున ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ జట్ల లీగు ఆటను బి.బి.సి. మొదటిసారి ప్రత్యక్షముగా ప్రసారము చేసినది. వ్యాఖ్యాత వేకలం. ఆటస్థలమును ఎనిమిది గడులుగా విభజించి, గడులకు అంకెలు వేసిన పటమును బి.బి.సి. తన కార్యక్రమ పత్రికయగు ‘రేడియో టైమ్స్’లో ముందుగనే ముద్రించినది. వేకలం ఆటను వర్ణించుచుండగా ప్రక్కనున్న మరియొకరు బంతి ఏ గడిలో నున్నదో అంకె పలుకుచుండెను. ఇంటిలో కూర్చున్న శ్రోత ఆ పటముపై వ్రేలుంచి బంతి వెంట పోవును. ఆట 1–1గా ముగిసినది. ఆ పటపు టుపాయమును తలచుకొన్నప్పుడెల్ల మాకు కొంత అసూయ కలుగును. మాటకు చూపును జోడించుటకు అంత చవుకైన సాధనము మరియొకటి లేదు.

క్లబ్బులకు మాత్రము అందు ప్రమాదము గోచరించినది. చలిలో రెండు గంటలు నిలువనక్కరలేక కుంపటి ప్రక్కనే ఆట వినగలిగినవాడు ఇల్లు కదలునా? వినుటకు సబబైన వాదమే. 1931లో లీగు తన ఆటల ప్రసారమును నిషేధించెను. నిషేధించినందువలన జనము పెరిగెనా? 1930 తరువాతి దశాబ్దములో లాంకషైరు మిల్లులు మూతపడి, వేలకొలది కార్మికులు పనిలేక వీధిన పడియుండిరి. వారి ఊళ్ల మైదానములు వెలవెలబోవుటకు కారణము రేడియో మౌనము వహించినంత మాత్రమున తొలగలేదు. లండనులో పనులు దొరకుచుండెను, జనము పెరుగుచుండెను. ఏ మైదానము నుండి మొదటి ప్రసారము జరిగెనో ఆ హైబరీలోనే 1935 మార్చి 9న 73,295 మంది క్రిక్కిరిసిరి. అదియే ఆ మైదానపు చరిత్రలో అత్యధికము. ఒక ఊరి కార్మికుని జేబులో షిల్లింగు లేకపోవుటకు, మరియొక ఊరి గుమాస్తా జేబులో అది యుండుటకును గల భేదమును మానివేసి, అందరును మైక్రోఫోనును నిందించిరి. మైక్రోఫోను పక్షమున మాట్లాడుట మా వృత్తిధర్మమని పాఠకులు నవ్వవచ్చును. కాని పై సంఖ్యలు మేము కల్పించినవి కావు.

దీనికంటె విచిత్రమైన ఉదంతము 1936లో జరిగినది. 1923లో లివర్‌పూలు వాసి జాన్ మూర్స్ మరి యిద్దరు మిత్రులతో కలసి, వారము వారము ఆటల ఫలితములను ముందుగా ఊహించి పందెము కాయు ‘పూల్సు’ వ్యాపారమును ప్రారంభించెను. మొదటిసారి పంచిన 4,000 కాగితములలో తిరిగి వచ్చినవి 35 మాత్రమే. పదునైదేండ్లు తిరుగకముందే అది దేశమంతట ఇంటింట ప్రాకినది. ఎన్నడును మైదానము మొగము చూడని గృహిణులు సయితము గురువారము రాత్రి భోజనపు బల్లపై ఈ కాగితములు పరచుకొని కూర్చుండిరి. జూదము ఆటను చెరచునని లీగు పెద్దలకు ఆగ్రహము. పందెపు కాగితము అచ్చు వేయవలెనన్నచో ఏ జట్టు ఎవరితో ఆడునో ముందుగా తెలియవలెను గదా! కావున ఆ సంగతినే రహస్యముగా నుంచిన జూదము దానంతట అదే అణగిపోవునని వారు యోచించిరి. 1936 ఫిబ్రవరి చివరను, మార్చి మొదటను, ప్రకటించిన పట్టికను రద్దుచేసి, శనివారము దగ్గరపడువరకు ఏ ఆట ఎచ్చట జరుగునో చెప్పక దాచిరి.

ఫలితము ఊహింపదగినదే. పూల్సు వ్యాపారులు ఎట్లో సర్దుకొనిరి. మైదానములే బోసిపోయెను. ఎదుటిజట్టు ఏదో తెలియని ఆటకు ఎవడు బయలుదేరును? మరియొక ఊరినుండి రైలులో రాదలచినవాడు టిక్కెట్టు ఏ స్టేషనుకు కొనవలెను? రెండు వారములకే క్లబ్బులు మొరపెట్టగా లీగు ఆ యుద్ధమును విరమించెను. ఈ ఉదంతమున మాకు కనబడు విశేషమేమన, ప్రేక్షకుడు ఆటను శనివారము నాడు మాత్రమే అనుభవించుట లేదు. సోమవారము నుండి శుక్రవారము వరకు ఆ రాబోవు ఆటను గూర్చి దుకాణములో, పనిచోట, ఇంటిలో తర్కించుచు, అందు సగము ఆనందమును ముందే పొందుచున్నాడు. అయిదు దినముల ఎదురుచూపును దొంగిలించి, ఆరవనాడు వానిని రమ్మనినచో వాడు రాలేదు.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన వెంటనే వచ్చిన జనప్రవాహమును తలచుకొన్నచో నేటికిని ఆశ్చర్యము కలుగును. 1945 నవంబరు 13న మాస్కో డైనమో జట్టు చెల్సీతో ఆడినది మంగళవారము మధ్యాహ్నము. అది కప్పు పోటీ కాదు, లీగు పోటీ కాదు. లెక్కకు వచ్చినవారు 74,496 మంది. గోడలు, పైకప్పులు ఎక్కినవారిని కలిపిన లక్ష దాటుదురని అంచనా. 1948 జనవరి 17న మాంచెస్టర్ యునైటెడ్, ఆర్సెనల్ జట్ల లీగు ఆటకు 83,260 మంది వచ్చిరి. అదియును సొంత మైదానమున కాదు. బాంబుదాడిలో కూలిన తమ మైదానము సిద్ధము కాకపోవుటచే యునైటెడ్ జట్టు పొరుగువారి మెయిన్ రోడ్డు మైదానమును అడిగి వాడుకొనుచుండెను. ఆరేండ్లు నిప్పులవానలో గడపిన జనము. అందరికిని పని యున్నది, చేతిలో డబ్బున్నది. కొనుటకు అంగడిలో సరకు లేదు, అన్నిటికిని రేషను చీట్లు. రేషను చీటీ అడుగని వస్తువులలో ఫుట్‌బాలు ఒకటి. అప్పటి ఆట నాణ్యతను ఎవరును గొప్పగా పొగడలేదు. దీర్ఘ వియోగానంతరము బంధువు ఇంటికి పోయినవాడు విందులో ఉప్పు తక్కువైనదని గమనించునా?

ఆ ఉత్సాహమునకు 33 ప్రాణములు బలియైనవి. 1946 మార్చి 9న బోల్టను పట్టణమందలి బర్న్‌డెన్ పార్కులో బోల్టను, స్టోక్ జట్ల కప్పు పోటీ. స్టోక్ జట్టులో స్టాన్లీ మాథ్యూస్ ఆడుచున్నాడు. వచ్చిన జనము 85,000 వరకు ఉండునని అంచనా. రైలుకట్టవైపు ప్రవేశద్వారములను మూసిన తరువాతను జనము కంచెలు దాటి, రైలుపట్టాలు దాటి లోనికి వచ్చుచునే యుండిరి. ఆ యొత్తిడిలో తన చిన్న కుమారుని వెలుపలికి తీసికొనిపోవుటకు ఒక తండ్రి తాళము తీసి తెరచిన తలుపునుండియు మరికొందరు చొరబడిరి. రెండు కటకటాలు విరిగి, మనుష్యులు ఒకరిమీద ఒకరు పడి ఊపిరాడక మరణించిరి. కొంతసేపు ఆపిన ఆటను మరల మొదలిడిరి. మృతదేహములు కోట్లు కప్పబడి గీత ప్రక్కనే యుండగా, రంపపు పొట్టుతో కొత్త గీత గీచి, తక్కిన ఆటను పూర్తిచేసిరి. ఎవరును గోలు చేయలేదు.

ఇట్టి మైదానములకు లైసెన్సులుండవలెనని, ఎందరు పట్టుదురో శాస్త్రీయముగా నిర్ణయింపవలెనని ఆ ఘటనపై విచారణ జరిపిన నివేదిక సూచించినది. చట్టము మాత్రము రాలేదు. 1971లో గ్లాస్గో నగరపు ఐబ్రాక్సు మైదానమున మెట్లదారిలో 66 మంది మరణించిన పిదప, 1975లో వచ్చినది. ఎందరు వచ్చిరని ద్వారము వద్ద మరచక్రములు పెన్నీ తప్పకుండ లెక్కించుచుండెను. ఎందరు క్షేమముగా నిలువగలరను లెక్క ఎవరికిని పట్టలేదు. ప్రేక్షకాకర్షణను గూర్చి వ్రాయువారు ఈ ముప్పదేండ్ల జాప్యమును అనుబంధముగా చివర చేర్చుట మాకు సమంజసముగా తోచదు.

మాథ్యూస్ పేరు వచ్చినది గనుక ఆయన సంగతి చెప్పి ముందుకు సాగుదము. 1961 అక్టోబరులో, 46వ ఏట, ఆయన తన తొలి క్లబ్బైన స్టోక్‌కు తిరిగి వచ్చెను. జట్టు అప్పుడు రెండవ శ్రేణిలో అడుగున తిరుగాడుచుండెను. ఆయన పునరాగమనపు తొలి ఆటకు 35,974 మంది వచ్చిరి. అంతకు ముందటి సొంతవూరి ఆటకు వచ్చినవారికి అది మూడింతలకు పైమాట. ఒక్క మనిషికి ఇంత శక్తి! ఇంతటి ఆటగానికి కూడ వారమునకు 20 పౌండ్ల కంటె ఎక్కువ జీతమీయరాదను నియమము ఆ సంవత్సరము జనవరి వరకు అమలులో నుండెను. జనమును తెచ్చువాడెవడో అందరికిని తెలియును. జనము తెచ్చిన డబ్బు పంచుకొనునప్పుడు మాత్రము ఆ తెలివి పనిచేయలేదు.

ఈ కాలముననే ఆర్థికశాస్త్రజ్ఞులు రంగప్రవేశము చేసిరి. 1956లో సైమన్ రాటెన్‌బర్గ్ అమెరికాలోని బేస్‌బాలును పరిశీలించి, ఫలితము అనిశ్చితముగా నున్నప్పుడే ప్రేక్షకులు వత్తురని వాదించెను. 1964లో వాల్టర్ నీల్ దీనినే మరియొక విధముగ చెప్పెను: సబ్బులు అమ్మువాడు పోటీదారుని దివాలా తీయింపగోరును, మల్లుడు మాత్రము తనకు సమానుడైన ప్రతిమల్లుడు బ్రదికియుండవలెనని కోరును. చక్కని మాట. కాని ఇంగ్లీషు ఫుట్‌బాలు లెక్కలు దీనిని సగమే సమర్థించినవి. ఒక్కొక్క ఆటను విడిగా తీసికొన్నచో, సొంతవూరి ప్రేక్షకుడు సమాన పోటీని అంతగా కోరుట లేదు. తనవారు గెలువవలెననియే వచ్చును, లేదా పేరుమోసిన జట్టును కన్నులార చూడవచ్చును. స్టెఫాన్ షిమాన్‌స్కీ అను పరిశోధకుడు 2001లో ప్రకటించిన అధ్యయనమున, ఒకే శ్రేణిలోని జట్లు లీగులో తలపడినప్పుడును, కప్పు పోటీలో తలపడినప్పుడును వచ్చు జనమును పోల్చి చూచెను. శ్రేణుల నడుమ ధనభేదము పెరిగినకొలది, కప్పు పోటీల జనము లీగు ఆటలతో పోల్చగా తగ్గినట్లు తేలినది. అనగా ఆనాటి ఆటకంటె ఆ సంవత్సరపు కథ ముఖ్యమన్నమాట. చివరకు కప్పు ఎవరికో చేరునని ముందే తెలిసినచో నడుమ జరుగు అంకములు వెలవెలబోవును. అడుగున నున్న జట్టు క్రింది శ్రేణికి జారిపోవునను భయము కూడ ఇట్టిదే. ఓడుచున్న జట్టునకు చివరి నెలలో జనము పెరుగుట గెలుపు సిద్ధాంతమునకు అందదు. ఇల్లు కూలుచున్నదని విన్నచో దూరపు బంధువులు సయితము పరుగెత్తి వత్తురు గదా.

మరి 4 కోట్ల నుండి 1 కోటి 65 లక్షలకు జరిగిన పతనము మాటేమి? టెలివిజనుదే నేరమని అనేకులు తీర్పు చెప్పిరి. 1960 సెప్టెంబరు 10న బ్లాక్‌పూల్, బోల్టను జట్ల లీగు ఆటను ప్రత్యక్షముగా చూపిరి. తరువాత పెద్ద క్లబ్బులు వెనుదీయగా ఆ యేర్పాటు విచ్ఛిన్నమై, ప్రత్యక్ష ప్రసారము 1983 వరకు తిరిగి రాలేదు. 1964లో ‘మ్యాచ్ ఆఫ్ ది డే’ అను ముఖ్యాంశముల కార్యక్రమము ఆరంభమైనప్పుడు, లివర్‌పూలు మైదానములో ఆ ఆటను చూచినవారిలో సగముమంది కూడ టెలివిజనులో చూడలేదు. ప్రేక్షకులు తరుగుట 1949 నుండియే మొదలైనది. అన్నిటికంటె గట్టి సాక్ష్యము 1985–86. క్లబ్బులకు, టెలివిజను సంస్థలకు ధరపై పొత్తు కుదరక, ఆ ఆటకాలపు మొదటి సగమున లీగు ఆట ఒక్కటియు తెరపై కనబడలేదు. అదే సంవత్సరమున మైదానములకు వచ్చిన జనము అత్యల్పము!

వాస్తవమునకు మారినది శనివారము. వారమునకు అయిదు దినముల పని వచ్చినది, కారు వచ్చినది, వెచ్చని యిల్లు, దానికి రంగులు వేసికొను పని వచ్చినది. మిల్లు నుండి నేరుగా మైదానమునకు నడచిన మగవాడు ఇప్పుడు భార్యాబిడ్డలతో అంగడికి పోవుచున్నాడు. మిల్లులే పోయిన ఊళ్లు కూడ కలవు. 1962 మార్చిలో ఆక్రింగ్టన్ స్టాన్లీ అను లాంకషైరు క్లబ్బు అప్పులు తాళలేక ఆటకాలము నడుమనే లీగు నుండి తప్పుకొనెను. ఇల్లు బాగుపడుచుండగా మైదానము మాత్రము 1900 నాటి స్థితిలోనే యుండెను. విరిగిన మెట్లు, కప్పులేని నిలుపుచోట్లు, చెప్పుటకు సిగ్గైన మరుగుదొడ్లు. పైగా 1970 నుండి అల్లరిమూకల కొట్లాటలు. వారిని అణచుటకు పశువుల దొడ్డికి వలె ఇనుప కంచెలు. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డులో కొయ్య మంటపము అంటుకొని 56 మంది, మే 29న బ్రస్సెల్సులో ఐరోపా కప్పు తుదిపోటీకి ముందు తొక్కిసలాటలో 39 మంది మరణించిరి. తండ్రి కుమారుని వెంటబెట్టుకొని పోవుటకు జంకెను. అలవాటు తరమునుండి తరమునకు అందవలెను; నడుమ ఒక తరము చేయి విడిచినది.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరో మైదానమున ఆ కంచెలకు అదుముకొని నలిగినవారు 97 మంది. తొంబదియేడవ వ్యక్తి ఆ గాయములతోనే జీవించి 2021లో కన్నుమూసెను. తప్పు ప్రేక్షకులదేనని మొదట ప్రచారము జరిగినది. పోలీసుల నిర్వహణాలోపమే ప్రధాన కారణమని న్యాయమూర్తి టేలర్ అప్పుడే చెప్పెను. ప్రేక్షకులది దోషము కాదని 2016లో విచారణ జ్యూరీ నిర్ణయించువరకు కుటుంబములు ఇరువదియేడేండ్లు పోరాడవలసివచ్చెను. టేలర్ 1990లో ఇచ్చిన నివేదికననుసరించి పై రెండు శ్రేణుల మైదానములలో అందరికిని కుర్చీలు ఏర్పరచిరి. 1992లో ప్రీమియర్ లీగు వెలసెను. నిలుపుచోట్లు పోయి చోటు తగ్గినను, వెలలు పెక్కురెట్లు పెరిగినను, టెలివిజనులో వారమునకు నాలుగైదు ఆటలు కనబడుచున్నను జనము పెరిగినది. మొదటి యేట ఆటకు సగటున 21,000 మంది. 2022–23లో సుమారు 40,000 మంది. నేడు పై శ్రేణి మైదానములు దాదాపు నిండియే యుండుటచేత, ఎందరు రాదలచిరో లెక్క తెలియదు. ఎన్ని కుర్చీలున్నవో మాత్రమే తెలియును.

ఆ కుర్చీలలో కూర్చున్నవాడు మిల్లుకూలి మనుమడేనా అను సందేహము కలుగకపోదు. ఆరు పెన్నీల గుంపులో యువకులు ముందు వరుసలో నుండెడివారు. నేటి టిక్కెట్టు వెల యువకునకు అందుట కష్టము. జర్మనీ దేశము వేరు త్రోవ త్రొక్కినది. అచ్చటి క్లబ్బులలో అధికభాగపు ఓట్లు సభ్యుల చేతిలో నుండవలెనను నియమము కలదు. నిలుచుండి చూచు చోట్లను వారు తొలగింపలేదు. డార్ట్‌మండ్ నగరపు మైదానములో 81,000 మందికి చోటుండగా అందు సుమారు 25,000 మంది ఒక్క దక్షిణపు వైపున నిలుచుండియే చూతురు. అచ్చటి లీగులో 2013 నుండి 2023 వరకు ఒకే జట్టు ఏటేట గెలిచినను మైదానములు నిండుచునే యుండెను. రాటెన్‌బర్గ్ దీనికి ఏమి చెప్పునో!

మన దేశమున ఈ విషయమును కలకత్తా నగరము చక్కగా నిరూపించును. 1997 జూలై 13న సాల్ట్ లేక్ మైదానములో ఈస్ట్ బెంగాల్, మోహన్ బాగాన్ జట్ల ఆటను 1,31,781 మంది చూచిరి. అది తుదిపోటీ కాదు, ఫెడరేషన్ కప్పు సెమీఫైనలు. తూర్పు బెంగాలు నుండి తరలివచ్చినవారి గుండె ఒక జట్టుతోను, పడమటివారి గుండె మరియొక జట్టుతోను కొట్టుకొనును. ఆటలో ఊరి చరిత్ర ఇంతగా కలసినచోట ఆట ఎట్లున్నదని అడుగుట వెఱ్ఱితనము. హైదరాబాదు ఫుట్‌బాలునకు కీర్తి తక్కువ లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుమార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నందినది. కాని తులసీదాస్ బలరాం వంటి మన మేటి ఆటగాండ్రను కలకత్తా తన మైదానములకు పిలుచుకొన్నది. ఆటగాండ్రు ఇచ్చట పుట్టిరి, ప్రేక్షకులు అచ్చట కలరు.

2020 జూన్ 17న, మహమ్మారి కారణముగ నూరు దినములు ఆగిన ప్రీమియర్ లీగు, ప్రేక్షకులు లేకుండ మరల ఆరంభమైనది. ఖాళీ మైదానపు నిశ్శబ్దము వినజాలక, ప్రసారకులు పూర్వము ముద్రించియుంచిన జనఘోషను ఆటకు జతచేసిరి. మా వృత్తిలో ఇది పాత విద్యయే. తరువాతి 2020–21 ఆటకాలము కూడ చాలవరకు ఖాళీ మైదానములలోనే సాగినది. ఆ యేట సొంతవూర ఆడిన జట్లు 144 ఆటలు గెలువగా, పొరుగూరి నుండి వచ్చిన జట్లు 153 గెలిచెను. 1888 నుండి ఇంగ్లండు పై శ్రేణిలో ఎన్నడును ఇట్లు జరిగియుండలేదు.

ఆ మరుసటి యేట, 2021–22లో, మన దేశపు ఇండియన్ సూపర్ లీగు ఆటలన్నియు గోవాలోనే జరిగెను. 2022 మార్చి 20న ఫటోర్డా మైదానమున తుదిపోటీకి మాత్రము జనమును రానిచ్చిరి. కేరళ అభిమానులు వేలకొలదిగా తరలివచ్చిరి. ఆట 1–1గా నిలువగా, పెనాల్టీలలో 3–1తో గెలిచి కప్పు నెత్తినది హైదరాబాదు జట్టు. ఆ ఆటకాలమంతటిలో హైదరాబాదు నగరమున ఒక్క లీగు ఆటయు జరుగలేదు.